పొడుగు సామాను

మంచు మీద జారే స్కీలు నాలుగు జతలున్న జట్టు సంచి విమానాశ్రయం తూకం మీద నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. ఒక జత తీసెయ్యండి అన్నాడు క్లబ్బు మేనేజరు గడియారం చూసుకుంటూ. ఎవరిది తియ్యాలో చెప్పలేదు. సంచికి దగ్గరగా ఉన్నది తమ్ముడు. అప్పుడతనికి పద్దెనిమిదేళ్ళు. జిప్పు లాగాడు. పైనున్నది అతని జతే. దాన్ని పక్కకి జరిపి, కిందున్న అక్క జతని బయటికి లాగాడు. తూకం సరిపోయింది. వరుసలో నాలుగడుగుల దూరంలో నిలబడి అక్క అంతా చూసింది.

వెళ్ళిన చోట ఎవరివో స్కీలు అడిగి తెచ్చుకుని పందెంలోకి దిగింది అక్క. మూడో జెండా దగ్గర పడిపోయింది. మరుసటి ఏడు జట్టు జాబితాలో ఆమె పేరు లేదు. తమ్ముడి పేరు ఇంకో మూడేళ్ళుండి, తర్వాత అదీ పోయింది. ఎవరూ విచారించలేదు. పెద్ద వీరుడేమీ కాదు కదా.

ఆ సంగతి అక్క ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అతనికి ఎన్నిసార్లనిపించిందో లెక్కలేదు. తిడితే పడేవాడు. చెంప మీద కొట్టినా తుడుచుకుని వచ్చేవాడు. అక్క మాత్రం ఇంటికి వస్తే కూర బాగుందా అని అడిగేది, జ్వరం వస్తే మాత్రలు పంపేది, పిల్ల పుట్టినప్పుడు అందరికంటే ముందొచ్చింది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఈలోగా అక్క విమానాశ్రయంలో ఉద్యోగంలో చేరింది. మామూలు పెట్టెల దగ్గర కాదు. అన్నిటికీ చివర, స్తంభం వెనకాల, పొడుగు సామాను తీసుకునే కౌంటర్ దగ్గర. పిల్లల తోపుడు బళ్ళు, సైకిళ్ళు, మనిషంత వాయిద్యాలు, చలికాలమంతా స్కీలు. జేబులో ఎప్పుడూ కొలిచే టేపు ఉంటుంది కాబట్టి తోటివాళ్ళు ఆమెని టేపక్క అంటారు. ఊళ్ళో ఇన్ని ఉద్యోగాలుండగా ఆ కౌంటరే ఎందుకు కోరుకుందో తమ్ముడు అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

తమ్ముడు అట్టపెట్టెల కర్మాగారంలో కోత యంత్రం మీద పనిచేస్తాడు. అతని కూతురికి పదహారేళ్ళు. ఒకచోట కుదురుగా నిలవదు కాబట్టి ఇంట్లో దాని పేరు బొంగరం. ఆ ఏడు బొంగరం జట్టులోకి వచ్చింది. సముద్రం దాటి వెళ్ళి పందెంలో దిగాలి. ఈసారి ఎవరి స్కీలు వాళ్ళే సర్దుకోవాలని క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్కొక్కరికి ఒకే సంచి, ఇరవై మూడు కిలోలు. దారిలో చిన్న విమానం మారాలి కాబట్టి, డబ్బు కడతామన్నా అంతకు మించి ఎక్కించుకోరు.

ఉత్తరం చదివిన సాయంత్రమే అక్క వచ్చేసింది. కూర్చోకుండానే, సంచి నేను చూస్తాను, మీరెవరూ వేలు పెట్టకండి అంది. తమ్ముడికి లోపల బరువు దిగినట్టయింది. ఇదిగో, ఇన్నాళ్ళకి దారి దొరికిందనుకున్నాడు. రెండు రకాల పందేలకి ఈ పిల్ల తీసుకెళ్ళే రెండు జతలూ క్షేమంగా వెళ్ళి వస్తే ఆ పాత సంగతి దానంతటదే సర్దుకుంటుందని అతని ఆశ. అందుకే అక్క ఏమన్నా తలూపాలని నిశ్చయించుకున్నాడు.

తలూపడానికి మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం, కారు మరమ్మతులో ఉండటంతో, బొంగరం స్కీలు రెండు జతలూ భుజాన వేసుకుని బస్సెక్కారు. ఖాళీ సంచి చూసి కొనడం గుడ్డిపనని అక్క వాదన. బస్సులో ఒకాయన మోకాలికి తగిలింది, ఆయన దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు. దుకాణంలో అక్క ప్రతి సంచి చివరా బొటనవేలితో నొక్కింది. దూది లేదంది. చిరిగిన మేజోడులోంచి బొటనవేలు వచ్చినట్టు స్కీ ముక్కు బయటికొస్తుందంది. ఇంకో సంచికి పట్టీలు వేలాడుతున్నాయి, సామాను లాక్కెళ్ళే బెల్టులో ఇరుక్కుంటాయి. మరోదానికి పిడి మధ్యలో ఉంది. సామాను ఎత్తేవాళ్ళు మధ్యలో పట్టుకోరు, ఒక చివర పట్టి ఈడుస్తారు, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను అంది. అమ్మేవాడు మొదట అన్నిటికీ జవాబు చెప్పాడు. తర్వాత ఊఁ కొట్టాడు. చివరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

రెండో ఆదివారం చక్రాల వంతు. ఆమె ఒక్కొక్క సంచినీ దుకాణం గుమ్మం మెట్ల మీద నుంచి దించి ఎక్కించింది. జనం పండ్ల బండి వదిలేసి చూశారు. బొంగరం సిగ్గుతో పక్క వీధిలోకి జారుకుంది. బూట్లు ఎక్కడ పెట్టాలని అమ్మే అమ్మాయి అడిగితే, బూట్లు ఎప్పుడూ భుజానే ఉండాలమ్మా అని అక్క మెల్లగా చెప్పింది. స్కీలు పోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు, కాలు మాత్రం ఎవరి కాలు వాళ్ళదే. ఆ మాట విన్నాక తమ్ముడు చాలాసేపు గోడకున్న ధరల పట్టిక చదువుతూ నిలబడ్డాడు.

ఇంట్లో భార్య పోరు వేరు.

"ఈ ఇల్లు తీసుకున్నప్పుడు ఒక్క పూటలో తేల్చేశాం. సంచీకి మూడు వారాలా?"

"అక్క చూస్తోంది కదా."

"వదినకేం, ఆవిడ కౌంటర్లో నిలబడి అలవాటు. నీ మోకాళ్ళు చూసుకో. రోజూ వెయ్యి పెట్టెలు కోస్తావు, ఒక్క సంచి కొనుక్కోలేవు."

ఒళ్ళు మండింది అతనికి. మర్నాడు మధ్యాహ్నం భోజనం విరామంలో కర్మాగారం పక్క దుకాణంలో దూరి పది నిమిషాల్లో ఒక సంచి కొనేశాడు. మెత్తటిది, నీలంది, రెండు మీటర్ల పొడుగు. బొంగరం స్కీలకి అంత అక్కర్లేదు. కానీ పెరిగే పిల్ల. చిన్నప్పటి నుంచి దాని చెప్పులూ, కోట్లూ ఒక సైజు పెద్దవే కొన్నాడు. ఇదీ అలాగే అనుకున్నాడు.

అక్క ఆ సంచిని నేల మీద పరిచి, టేపు తీసి కొలిచి, టేపు మళ్ళీ జేబులో పెట్టుకుంది. చివర మిగిలిన రెండు జానల ఖాళీని చూపుడువేలితో ఎత్తి వదిలింది. అది చచ్చిన చేపలా పడింది.

"లోపల స్కీలు ముందుకీ వెనక్కీ పరిగెడతాయిరా. పందెం అక్కడే అయిపోతుంది."

తర్వాత నాలుగు రోజులు అక్క ఫోను ఎత్తలేదు. తమ్ముడు పళ్ళు నూరుకుంటూ ఆ సంచిని కారు వెనక పడేశాడు. తిరిగి ఇద్దామంటే తగ్గింపు సరుకు, వెనక్కి తీసుకోరు.

మూడో ఆదివారం అక్క తనంతట తానే ఒక పెట్టె తెచ్చింది. ఆమె డబ్బే. నల్లటి గట్టి పెట్టె, రెండు జతలు పట్టేది, లోపల మెత్తటి ఫోము దిమ్మలు, నాలుగు లోహపు కొక్కేలు. మీద కూర్చున్నా వంగలేదు. ఆమె నిజంగానే కూర్చుంది, బొంగరాన్ని కూడా కూర్చోబెట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో అక్క అలా నవ్వడం తమ్ముడు చూడలేదు.

తమ్ముడు ఒక చివర ఎత్తి చూశాడు. బరువుగా ఉందేమో, ఒకసారి తూచుదామా అన్నాడు.

"నాకు తూకం నేర్పుతావురా? రోజుకి రెండు వందల సంచులు తూస్తాను. పెట్టె తొమ్మిది. జతకి అయిదున్నర లెక్కన పదకొండు. ఇరవై దాటి ఏ కాస్తో."

అతను పెట్టె కింద పెట్టేశాడు. తలూపుతానని అనుకున్నాడు కదా.

ప్రయాణం రోజు పదకొండు గంటలకి జట్టంతా స్తంభం వెనక కౌంటర్ ముందు వరుస కట్టింది. ఆ పూట తన వంతు కాకపోయినా అక్క అడిగి వేయించుకుంది. ఒక్కొక్క పిల్ల సంచీ తూకం ఎక్కి దిగింది. బొంగరం పెట్టె ఎక్కింది. అంకెలు ఊగి, ఇరవై అయిదు పాయింటు రెండు దగ్గర ఆగాయి.

అక్క పెట్టె దింపించి మళ్ళీ ఎక్కించింది. ఇరవై అయిదు పాయింటు రెండు. చేతి కర్రలు తీసి చూసింది. అయినా ఇరవై మూడుకి దిగలేదు. ఇప్పటి పందెం స్కీలకి బూటు కింద మందపాటి పలక వస్తుంది, జత ఏడున్నర, ఎనిమిది కిలోలు తూగుతుంది. ఆ సంగతి రోజూ స్కీలు తూచే ఆమెకి తెలియదా? తెలుసు. కానీ బొంగరం స్కీలు అనేసరికి ఆమె లెక్కలో కూర్చున్నది తన పాత జత. అయిదున్నర కిలోలది.

కోచ్ వెనక నుంచి వచ్చాడు. ఇప్పటివాడు, పాత కథలేమీ తెలియనివాడు. ఒక జత వదిలెయ్యండి, ఉన్న జతతో పందెంలో దిగుతుంది, కావాలంటే అక్కడ ఎవరినైనా అడుగుదాం అన్నాడు. మామూలుగా అన్నాడు. బొంగరం తండ్రి వంక చూసింది.

తమ్ముడు వంగి మొదటి కొక్కెం తీశాడు. రెండోది తీశాడు. తల ఎత్తితే అక్క అతని ముఖం చూడటం లేదు. చేతినే చూస్తోంది. రెప్ప వెయ్యకుండా, కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుని, ఆ చేతినే. అతని వేళ్ళు మూడో కొక్కెం మీద బిగుసుకుపోయాయి.

"ఆగండి. ఇంకో సంచి ఉంది," అని లేచి పరిగెత్తాడు.

కారు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ముందు పది మంది. మెట్ల మీద ఎక్కాడు, మెట్ల మీదే దిగాడు. భార్య అన్న మోకాళ్ళు ఒక్కొక్క మెట్టుకీ మొరపెట్టుకున్నాయి. నీలం సంచి నేల మీద పడేసరికి వరుసలో వాళ్ళు గొణగడం మొదలెట్టారు. అక్క కౌంటర్ దాటి బయటికొచ్చింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. స్కీలు అడుగుకి అడుగు కలిపి, మధ్యలో బొంగరం తువ్వాలు పెట్టి, రెండో జతని తలకిందులుగా పక్కన చేర్చింది అక్క. చివరి ఖాళీలో తమ్ముడు తన స్వెట్టరు విప్పి కుక్కాడు. చాల్లేదు. అక్క తన శాలువా కుక్కింది. మిగిలిన గుడ్డని మడిచి, పెట్టెలకి చుట్టే వెడల్పాటి ప్లాస్టరు చుట్టూ చుట్టూ తిప్పి, పళ్ళతో తెంపింది.

పందొమ్మిది పాయింటు ఆరు.

చీటీ ఆమే అంటించింది. సంచి రబ్బరు తెరల మధ్య నుంచి లోపలికి పోయేదాకా నిలబడింది. తమ్ముడు ఏదో ఒక మాట వస్తుందని ఎదురుచూశాడు. మంచిదో చెడ్డదో, ఏదో ఒకటి. తర్వాత ఎవరు అంది అక్క, వరుస వైపు తిరిగి.

సంచి ఒక మూల చిరిగి తిరిగొచ్చింది. దుకాణంలో అక్క చెప్పినట్టే, స్కీ ముక్కు ఉండే చివర. స్కీలకి గీత కూడా పడలేదు. బొంగరం పద్నాలుగో స్థానంలో వచ్చి, దాని గురించి మూడు రోజులు ఏకధాటిగా మాట్లాడింది. సంచి గురించి ఎవరూ అడగలేదు.

నెల తర్వాత తమ్ముడు నల్ల పెట్టెని అక్క ఇంటికి తీసుకెళ్ళాడు. ఖాళీ పెట్టె అయినా మెట్ల మీద రెండుసార్లు మోకాలికి తగిలింది. అక్క దాన్ని నడవాలో గోడకి నిలబెట్టింది. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. పిల్ల చదువు గురించి, కర్మాగారంలో కొత్త యంత్రం గురించి చెప్పుకున్నారు. టీ చల్లారింది. అతను గ్లాసు అటూ ఇటూ జరిపి, ఆరోజు తను తీసింది ఎవరి జతో తనకి తెలుసన్నాడు. తెలిసే తీశానన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఇన్నేళ్ళూ ఒక్క మాట ఎందుకు అడగలేదక్కా అన్నాడు.

అక్క అతని గ్లాసు తీసుకుని, చల్లారిన టీ తొట్టిలో పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"అడిగితే నువ్వేదో చెప్పేవాడివిరా. అప్పుడు నేను పోనీలే అనాల్సొచ్చేది. నాకు అనాలని లేదు. ఇప్పటికీ లేదు."