సౌండు బావ ఎడమ చెవి

ఆ వీధిలో అందరికీ అతను సౌండు బావే. ఇంట్లో భార్య "బావా" అని పిలిచే పిలుపు పక్కనున్న టైర్ల షాపాయన చెవిన పడి, అక్కడి నుంచి వీధికెక్కింది. కార్లలో స్పీకర్లు, యాంప్లిఫయర్లు బిగించి, పాట నిండుగా వినపడేలా వాటిని శ్రుతి చేయడం అతని పని. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు, గోడ నిండా మేకులకు వేలాడే తీగల చుట్టలు, మూలన చెక్క కోసే రంపం. పనితనంలో అతనికి పేరుంది. నిలకడలో లేదు. కాలుగాలిన పిల్లి అని భార్య అనేది ఊరికే కాదు. తింటూ కంచం అంచు మీద వేళ్ళతో తాళం వేస్తాడు. ఎవరింటికైనా వెళ్తే కూర్చోకముందే వాళ్ళ టీవీ వెనక చెయ్యి పెడతాడు. తను బిగించి ఇచ్చేసిన కారు రోడ్డు మీద ఎదురుపడితే ఆపించి, "ఒక్క నిమిషం, చిన్న మార్పు" అంటూ డ్రైవరు సీట్లో దూరతాడు.

అలాంటి మనిషికి ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే కుళాయి నీళ్ళు ఒక పక్క నుంచే పడుతున్నట్టు వినిపించింది. చెవిలోకి నీళ్ళు పోయాయేమోనని తల విదిలించాడు. వేలు పెట్టి కెలికాడు. ఎడమ చెవిలో దూది కూరినట్టుంది. ఆ దూది వెనక సన్నగా, ఆగకుండా, కీచుమని ఒక మోత. జలుబు చేసుంటుందిలే అనుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు.

షెడ్డులో పళ్ళ డాక్టరు కారు ఉంది. డాక్టరు సరదా మనిషే కానీ ఓపిక తక్కువ. "రోజంతా నా చెవుల్లో డ్రిల్లు మోతే బావగారూ. ఇంటికెళ్ళే దారిలో అయినా మంచి పాట వినాలి. పాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని పాడినట్టుండాలి" అని చెప్పి కారు అప్పగించి వెళ్ళాడు. తలుపుల లోపలి రేకు అదరకుండా నల్ల షీట్లు అతికించడం అయిపోయింది. అద్దం పక్క స్తంభాల్లో చిన్న స్పీకర్లు, తలుపుల్లో పెద్దవి, సీటు కింద యాంప్లిఫయరు, డిక్కీలో బేసు పెట్టె, అన్నీ కూర్చున్నాయి. మిగిలింది శ్రుతి చేయడమే.

అసలు కష్టమంతా అందులోనే ఉంది. కారులో డ్రైవరు మధ్యలో కూర్చోడు, ఒక పక్కకు కూర్చుంటాడు. కుడి తలుపు స్పీకరు అతని మోకాలి దగ్గరే ఉంటుంది, ఎడమది దూరం. దగ్గరి శబ్దం ముందొచ్చి చెవిని తన వైపు లాగేసుకుంటుంది. అందుకని దగ్గరి స్పీకరును రెప్పపాటులో కొసరంత ఆలస్యం చేసి, రెండు పక్కల శబ్దమూ ఒకేసారి చేరేలా చూడాలి. అది కుదిరితే గొంతు ఏ స్పీకరులోనూ ఉండదు. అద్దం ముందు, నట్టనడుమ, గాలిలో నిలబడుతుంది. గొంతును ఆ చోట నిలబెట్టగలడనే జనం అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆ రోజు గొంతు నడుమకు రాలేదు. కుడి తలుపుకు అతుక్కుని కూర్చుంది. ఎడమ స్పీకరు పోయిందేమోనని తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాడు. గొంతు కుడి పక్కనే. యాంప్లిఫయరు దగ్గర మార్చాడు. కుడి పక్కనే. మీటరు పెట్టి చూస్తే ఎడమ పక్క నిక్షేపంగా ఉంది. చివరికి ఫోనుకు ఇయర్‌ఫోన్లు తగిలించి, అదే పాట పెట్టి, కుడిది ఎడమ చెవిలో, ఎడమది కుడి చెవిలో పెట్టుకున్నాడు. ఎలా పెట్టుకున్నా పాట కుడి చెవిలోనే ఉంది. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయి, తప్పు దేనితో పాటు కదిలితే దాన్ని పట్టుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు ఏది మార్చినా తప్పు కదలడం లేదు. మార్చకుండా మిగిలింది తనొక్కడే.

డ్రైవరు సీట్లో అలాగే ఉండిపోయాడు. టైర్ల షాపాయన వచ్చి "ఏం బావా, పాట ఆపేశావేం?" అని అడిగితే, "వైరు చూస్తున్నా" అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే నిజమైపోతుందన్నట్టు దాచుకుని తిరిగాడు. భార్య దర్జీ పని చేస్తుంది. ముందుగదిలో కుట్టు మిషను, మెడలో ఎప్పుడూ టేపు. ఆమెకు ఎడమ వైపు దొరక్కుండా మసిలాడు. నడిచేటప్పుడు పక్క మార్చేవాడు, తినేటప్పుడు కుర్చీ మార్చేవాడు. ఎంత తిరిగినా ఒక మధ్యాహ్నం అతని ఎడమ పక్కన ఆమె చేతిలోంచి కత్తెర జారి గచ్చు మీద ఖణేల్మంది. అతను గబుక్కున కుడి పక్కకు చూశాడు.

"కత్తెర ఇటు పడితే అటు చూస్తావేంటి బావా?"

"ఏదో ఆలోచనలో ఉన్నా."

ఆమె వదల్లేదు. వెనక్కి వెళ్ళి, ఎడమ చెవి పక్కన చేరి, "నీ మొహంలా ఉంది నువ్వు కోసిన చెక్క" అని గుసగుసలాడింది. పలకలేదు. కుడి పక్కకు వచ్చి అదే మాట అంది. "నా చెక్కకేమైంది?" అని కస్సుమన్నాడు. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కుట్టేది మిషను మీదే వదిలేసి, చెప్పులేసుకుని, అతని చెయ్యి పట్టుకుని చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, "ఇలా అయిన రోజే రావాల్సిందండీ" అంది. "చెవి నరం దెబ్బతింది. మాత్రలు వాడదాం, చెవిలో ఇంజక్షన్లు ఇద్దాం. వినికిడి తిరిగి రావచ్చు, కొంతే రావచ్చు, రాకపోనూవచ్చు."

"ఎందుకైంది? నా పని వల్లేనా?"

"చెప్పలేమండీ. చాలామందిలో కారణమే తెలీదు."

ఆ మాట అతనికి మింగుడుపడలేదు. ప్రతి గరగరకీ ఒక వదులు స్క్రూ ఉంటుందని నమ్మినవాడు. మందులు మింగుతూ ఇల్లంతా కలియతిరిగాడు. చెవిలో మోతకు జత వెతుకుతూ ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాడు, మీటరు పెట్టెకు చెవి ఆనించాడు. ఫోనులో రకరకాల కూతలు మోగించి, చివరికి అచ్చం దానిలాంటిదే ఒకటి పట్టుకున్నాడు. "దొరికింది!" అని అరిచాడు. "దొరికితే ఆపు" అంది భార్య. ఫోనులోది ఆగింది. చెవిలోది ఆగలేదు.

ఇంతలో పళ్ళ డాక్టరు ఫోను మీద ఫోను. సౌండు బావ మైకు పెట్టి, కంప్యూటరు తెర మీద గీతలు చూసుకుంటూ కారు సరిచేశాడు. గీత చక్కగానే వచ్చింది. డాక్టరు వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకుని విని, మొహం చిట్లించాడు.

"అన్నీ ఉన్నాయి బావగారూ. కానీ ఆవిడ పాడుతున్నట్టు లేదు. ఆవిడ ఎలా పాడిందో ఎవరో నాకు చెప్తున్నట్టుంది."

తను శ్రుతి చేసిన కారు గురించి అతను అంతకుముందు ఎవరి దగ్గరా అలాంటి మాట పడలేదు. పడినా వెంటనే కూర్చుని సరిచేసేవాడు. ఇప్పుడు ఏం సరిచేయాలో కూడా తెలియదు. "ఇంకొన్నాళ్ళు ఉంచండి" అని మాత్రం అనగలిగాడు.

ఇంటికొచ్చి, ఒకప్పుడు తనతో కలిసి షెడ్డు నడిపిన పాత భాగస్వామికి ఆ కారు అప్పగించేస్తానన్నాడు. తర్వాత షెడ్డు కూడా. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడుస్తూనే ఉన్నాడు. భార్య కాజాలు కుడుతూ తలెత్తకుండా అంది:

"నాకు రెండున్నాయిగా."

"ఏంటి?"

"చెవులు."

"చెవులుంటే సరిపోతుందా? వినడం రావాలి. ఇన్నేళ్ళూ నా పనిని వట్టి మోత అన్నదానివి."

"మోతే. కానీ గుడ్డ మీద చెయ్యి వెయ్యగానే అది ఉతికితే కుంచించుకుపోతుందో లేదో చెప్తాను. అదీ ఒకళ్ళు నేర్పితేనే వచ్చింది."

మర్నాడు ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాట మొదలైంది.

"ఆమె ఎక్కడుంది?"

"ఎవరు?"

"పాడే ఆమె. ఎక్కడ నిలబడింది?"

ఆమె కళ్ళు మూసుకుంది. "నిలబడలేదు. నా ఒళ్ళో కూర్చుంది."

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏదో తగ్గించాడు, ఏదో ఆలస్యం చేశాడు. "ఇప్పుడు?"

"లేచింది. స్టీరింగు మీదకెక్కింది. ఇంకా... ఇంకొంచెం జరుపు. అమ్మో, ఎటు పోయింది? నీ పక్కకొచ్చేసింది!"

"నా పక్కకొస్తే నాకు తెలీదా?" అని నోరు జారి, కంప్యూటరు వైపు తిరిగాడు.

ఓ గంటకి గొంతు అద్దం దగ్గరికి చేరింది కానీ ఆమె మొహంలో తృప్తి లేదు. "లైనింగు విడిగా ఉన్నట్టుంది" అంది.

"లైనింగేంటే?"

"పైబట్ట ఒకలా, లోపలి లైనింగు ఒకలా కదుల్తున్నాయి. సన్నగొంతు పైనుంచి, ఆ లోపలి గొంతు కిందనుంచి. ఒకే మనిషి అనిపించట్లేదు."

"అలా ఉండదు. గీత చూడు, తిన్నగా ఉంది."

"గీత నాకెందుకు? నాకు వినపడింది చెప్పమన్నావు, చెప్పాను."

"వినపడింది కాదు, నీకు తోచింది చెప్తున్నావ్! లైనింగంట, ఒళ్ళంట. పనికొచ్చే మాట ఒక్కటీ లేదు!"

ఆమె తలుపు తీసుకుని దిగింది. "పోయింది నీ చెవి. నా చెవిని తిట్టకు" అని, షెడ్డు బయట బల్ల మీద వెళ్ళి కూర్చుంది.

అతను విసురుగా లేచి టైర్ల షాపు దాకా నడిచాడు. అక్కడ గాలి కొట్టే కంప్రెసరు దడదడలాడుతోంది. దాని పక్కన కాసేపు నిలబడ్డాడు. ఆ దడదడలో చెవిలోని కీచు కొంత మరుగుపడింది. దాంతో పాటే కోపం కూడా. తిరిగొచ్చేటప్పుడు చేతిలో రెండు టీలు ఉన్నాయి. ఒకటి ఆమెకిచ్చి, పక్కనే, కుడి చెవి ఆమె వైపుండేలా కూర్చున్నాడు.

"ఇందాక ఏమన్నావ్? లైనింగు?"

ఆమె టీ సగం తాగింది. తర్వాత మొత్తం మళ్ళీ చెప్పింది. అతను వింటూ వింటూ లేచి నిలబడ్డాడు. చిన్న స్పీకరూ తలుపు స్పీకరూ ఒకే స్వరం పలకాల్సిన చోట ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోందా? చిన్న స్పీకర్ల తీగలు రెండు పక్కలా తిరగేసి, ఆమెను మళ్ళీ కూర్చోబెట్టాడు.

పాట మొదలైన కాసేపటికి ఆమె అతని మోకాలి మీద చెయ్యేసింది. "కుట్టు కనపడట్లేదు బావా."

ఆ క్షణంలో అతనికి సంతోషం కంటే ముందు అసూయ కలిగింది. ఆమె మొహంలోకి చూస్తే అక్కడ పాట ఉంది. తన దగ్గర సగమే ఉంది. తల ఆమె తలకు దగ్గరగా జరిపి విన్నాడు. ఏమీ తేడా రాలేదు.

"ఇంకోటుంది" అందామె. "డప్పు పడినప్పుడల్లా ఈ తలుపు గొణుగుతోంది." అరచెయ్యి తలుపు మీద ఆనించి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆపింది. విప్పి చూస్తే లోపల లాకు కమ్మీ రేకుకు తగులుతోంది. అతను కమ్మీకి స్పాంజి టేపు చుట్టాడు.

పళ్ళ డాక్టరు వచ్చినప్పుడు, సౌండు బావ కారు తాళం ఇవ్వకుండా గుప్పెట్లోనే పట్టుకుని అన్నాడు:

"ముందో మాట డాక్టరుగారూ. నా ఎడమ చెవి పోయింది. ఈ కారు శ్రుతి చేసింది మా ఆవిడ. మనస్కరించకపోతే ఇంకోచోట చేయించుకోండి, ఏమీ అనుకోను."

డాక్టరు అతన్ని చూశాడు, మెడలో టేపుతో నిలబడ్డ ఆమెను చూశాడు. తాళం అందుకుని, కారెక్కి తలుపేసుకున్నాడు. ఒక పాట అయింది. ఇంకో పాట అయింది. భార్యాభర్తలిద్దరూ అద్దం బయట నిలబడి, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లల్లా అతని మొహమే చూస్తున్నారు. ఆఖరికి అద్దం దిగింది.

"ఎదురుగానే ఉందమ్మా ఆవిడ" అన్నాడు డాక్టరు. "బేసు కాస్త పెంచితే..."

"పెంచితే గొంతు మునిగిపోతుందండీ" అందామె ఠక్కున.

"మునిగితే మునగనీండి, మావాడికి అదే ఇష్టం."

సౌండు బావ కిందికి వంగి, స్టీరింగు కింద బేసు కోసం తను అమర్చిన చిన్న నాబు చూపించాడు. "ఇది తిప్పుకోండి. మీవాడు దిగాక మళ్ళీ తగ్గించుకోండి."

డాక్టరు నవ్వి, బండి తీయబోతూ ఆగాడు. "చెవికి ఇలా అయిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"లేదండీ."

"నా దగ్గరికీ అంతే. మొత్తం పుచ్చాకే వస్తారు."

ఇంజక్షన్లన్నీ అయ్యాక ఎడమ చెవికి కాస్త వినికిడి తిరిగొచ్చింది. బరువైన శబ్దాలు, లారీ, డప్పు, తలుపు వేసిన చప్పుడు, చిరిగిన కాగితంలోంచి వచ్చినట్టు వస్తాయి. గొంతులు రావు. కీచు పోలేదు. కొన్ని రోజులు దాన్ని మరిచిపోతాడు, కొన్ని రోజులు అదే పనిగా తల విదిలిస్తాడు. భార్య మధ్యాహ్నాలు షెడ్డుకు వస్తోంది. వస్తూ వస్తూ కుట్టు మిషను కూడా తెచ్చుకుంది. కొత్తలో దాని టకటక అతనికి ఒళ్ళుమంట. తర్వాత అది లేకపోతే కీచు ఎక్కువైనట్టుందని తనే "ఏదైనా కుట్టవే" అనడం మొదలుపెట్టాడు.

నిలిపిన కారులో కుదిరిన శ్రుతి రోడ్డెక్కాక కుదరకపోవచ్చు. టైర్ల హోరు కింది స్వరాలను మింగేస్తుంది. నడుపుతూ వినాల్సింది ఆమే కాబట్టి డ్రైవింగు నేర్చుకోక తప్పలేదు. నేర్పింది అతను కాదు, టైర్ల షాపాయన. మొగుడి దగ్గర నేర్చుకుంటే కారూ మిగలదు, కాపురమూ మిగలదు అంది.

మొన్న ఒక ట్యాక్సీ డ్రైవరు కారు తీసుకుని ఇద్దరూ ఊరవతల పెద్ద రోడ్డెక్కారు. ఆమె స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తోంది. అతను పక్క సీట్లో ఒళ్ళో కంప్యూటరుతో ఒక్కచోట ఉండడం లేదు. "ఎడమకొస్తోంది లారీ. గేరు మార్చు. బ్రేకు, బ్రేకు! ఇప్పుడెలా ఉంది? వయొలిన్ వెనక్కి పోయిందా? అరే, హారను కొట్టు."

"బావా."

"ఆఁ?"

"నువ్వు నోరు మూస్తే గానీ నాకు వయొలిన్ వినపడదు."

అతను నోరు మూశాడు. వేళ్ళు మాత్రం కంప్యూటరు అంచు మీద తాళం వేస్తూనే ఉన్నాయి. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుని, లారీని దాటించి, "కొంచెం కుడికి జరుపు" అంది.