రావులపాలెంలో ఆగిపోయిన కారు

పోయిన వారం మా అబ్బాయి కారులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగితే కాకినాడ తీసుకువెళ్లాం. అక్కడి మెకానిక్ చేతికి మసి అంటకుండా ఒక వైరు తగిలించి, ల్యాప్‌టాప్ తెర చూసి, లోపం ఎక్కడుందో పది నిమిషాల్లో చెప్పేశాడు. అందరూ సంతోషించారు గానీ నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. ఆ పది నిమిషాల పని కోసమే ఒకప్పుడు నేను ఏడాదికి పైగా తిరిగాను, ఆ తిరుగుడులోనే మా అక్క గుమ్మానికి దూరమయ్యాను.

అప్పుడు నేను సామర్లకోటలో గుమాస్తాని. పెనుగొండలో ఉండే మా బావగారు, అంటే మా ఒక్కగానొక్క అక్క భర్త, కొత్త కారు కొనుక్కుని పాతది నాకిచ్చారు. మూడు నెలలు బంగారంలా నడిచింది. దసరా వచ్చింది. పూజకి బండి కళగా ఉండాలి కదా అని, మన ఈడు వాళ్లందరూ చేసినట్టే, బయటా లోపలా, బానెట్ కింద రేకుతో సహా దట్టంగా రంగు వేయించాను. మా ఆవిడ పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించింది.

ఆ తరువాతే మొదలైంది బాధ. నాలుగు రోజులకోసారి బ్యాటరీ పడుకునేది. బ్యాటరీ షాపతను దాన్ని చార్జి చేసే ఆల్టర్నేటర్ పోయిందనేవాడు, ఆల్టర్నేటర్ చుట్టేవాడు బ్యాటరీయే పోయిందనేవాడు, ముందు వాడినవాళ్లే పాడుచేశారన్న మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలిసేవారు. బ్యాటరీ మార్చాను, బెల్టు మార్చాను, ఆల్టర్నేటర్ రెండుసార్లు చుట్టించాను. బండి ఆగిన ప్రతిసారీ బావగారికి ఉత్తరం రాశాను. చాలా ఉత్తరాలకి కలిపి ఆయన ఒక్క కార్డు ముక్క రాశారు, కారు వాడడం రాకపోతే సైకిలే నయమని. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

అంతలో మేనకోడలి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవలసింది మేనమామనైన నేనే. బావగారు అంటగట్టిన కారులోనే బావగారి వాకిట్లో దిగాలని నాకు పంతం. తెల్లవారగానే తోయించి బయలుదేరితే, సరిగ్గా రావులపాలెం బస్టాండు ఎదురుగా ఆగిపోయింది.

“ఏవండీ, బస్సెక్కేద్దామండీ. ముహూర్తం దాటిపోద్ది,” అంది మా ఆవిడ.

“కారుందని చెప్పి బస్సులో దిగితే బావగారు నవ్వరూ?”

“ఇప్పుడు మాత్రం ఏడుస్తారా ఏంటి!”

నేను బానెట్ కిందనుంచి తల ఎత్తలేదు. నా కళ్లముందే మూడు బస్సులు వెళ్లిపోయాయి. ఎలాగో మళ్లీ తోయించి మేం చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. బుట్ట బావగారి పినతండ్రి కొడుకు పట్టాడట.

“రావోయ్ మేనమామా, భోజనాలకి అందేవులే,” అన్నారు బావగారు, మగపెళ్లివారి ముందే.

“చచ్చిన కారు అంటగట్టి పైగా వెటకారమా బావగారూ?” అన్నాను నేను, అందరికీ వినబడేలా. మా అక్క తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. విస్తరి ముందు కూర్చోకుండానే తిరిగి వచ్చేశాం. ఆ తరువాత రాకపోకలు లేవు.

రెండు నెలలకి సామర్లకోటలోనే ఒక ముసలి ఎలక్ట్రీషియన్, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి చూశాడు. దాని కిందంతా నేను దసరాకి వేయించిన రంగే. రంగు మీద బిగిస్తే కరెంటు ఎలా పారుతుందండీ అని, బ్లేడుతో గీకి, రేకు మెరిశాక మళ్లీ బిగించాడు. ఆ కారు అమ్మేదాకా మరి ఆగలేదు. తప్పు బావగారిది కాదని ఆ రోజే తెలిసింది. అన్ని ఉత్తరాలు రాసినవాణ్ణి, ఆ ఒక్కటీ రాయలేకపోయాను. కార్డు ముక్క గుర్తొచ్చినప్పుడల్లా ముందు ఆయనే దిగిరావాలనిపించేది.

పోయిన వారం ఆ వర్క్‌షాపు బల్ల మీద కూర్చునే పెనుగొండకి ఫోను చేశాను. బావగారే ఎత్తారు. రంగు సంగతంతా చెప్పి, పొరపాటు నాదేనండీ అన్నాను.

“ఏ కారోయ్?” అన్నారాయన. నిజంగానే గుర్తులేదు. ఇన్నేళ్లూ నేనొక్కణ్ణే మోశానన్నమాట.

అక్క ఫోను తీసుకుంది. “ఆయన ఎప్పుడో మర్చిపోయార్రా. నాకే గుర్తుంది. ఆ రోజు నువ్వు బస్సెక్కేస్తే బాగుండేది,” అంది. ఫోను తనే పెట్టేసింది.

ఈమధ్య పెళ్లిళ్లకి వెళితే చూస్తున్నాను, పెళ్లికూతుళ్లు ఫొటోలకి నవ్వుతూ తామే నడిచి మండపంలోకి వస్తున్నారు. చాలాచోట్ల బుట్ట కనిపించడం లేదు, మేనమామలు కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. మా ఇంట ఆడపిల్ల ఆ మేనకోడలు ఒక్కతే. ఆ బుట్ట బరువెంత ఉంటుందో ఈ జన్మకి నాకు తెలియదు.