తప్పుల బోర్డుకెక్కిన వాక్యం

ఎవరికీ చెప్పని మాటొకటి ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో నేను విశాఖలో ఒక ఇంగ్లీషు పత్రికలో సబ్ ఎడిటర్‌ని. మా డెస్కులో అందరం తెలుగువాళ్ళమే, ఇంగ్లీషు అరువు తెచ్చుకున్నవాళ్ళమే. పత్రికలో భాష బాగుపడాలని ఎడిటర్ గారు గోడకు తప్పుల బోర్డు పెట్టించారు. విలేఖరులు పంపిన వార్తల్లోంచి తప్పుల వాక్యం కత్తిరించి, ఎర్ర సిరాతో గీత గీసి, పేరూ ఊరూ లేకుండా అక్కడ అతికించాలి. ఉద్దేశం మంచిదే, కాదనను. మాకది టీ వేళ నవ్వుకునే చోటయింది. చేరిన కొత్తలో నా వాక్యాలు కూడా ఆ బోర్డుకెక్కాయి. పల్లెటూరి తెలుగు మీడియం వాణ్ణి. ఆ నవ్వులకు ఒళ్ళు మండిపోయేది. మరి అదే పని నేను ఇంకొకడికి ఎలా చేశాను? నాకంటే తక్కువవాడు దొరికాడన్న సంబరమా? అదే. దానికి వేరే పేరు పెట్టను.

ఆ దొరికినవాడు బలరాం. మన్యంలోని ముంచింగిపుట్టు నుంచి మాకు వార్తలు రాసే గిరిజన యువకుడు. కవరు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేవాడు. ఒక వానాకాలం అతని కవరు వచ్చింది. కొండ మీద ఊళ్ళో వాంతులు, విరేచనాలతో జనం పోతున్నారట. డాక్టరు రాలేదట. ఆడవాళ్ళు కళ్ళల్లో నీళ్ళు అయిపోయినా ఏడుస్తున్నారని, తెలుగులో తలచి మాటకు మాట ఇంగ్లీషులో పెట్టాడు. ఆ వాక్యం కత్తిరించి బోర్డుకెక్కించాను. అందరూ పగలబడి నవ్వారు. మిగతాదంతా తిరగరాయాలి గదా, రేపు చూద్దాంలే అని సొరుగులో పడేశాను. రేపు కూడా అదే అనుకున్నాను.

కొద్ది రోజులకే వేరే పత్రికలో ఆ చావుల వార్త వచ్చింది. అప్పుడుగానీ డాక్టర్లు కొండెక్కలేదు. మనవాడేమీ రాయలేదా అని ఎడిటర్ గారు అడిగారు. లేదన్నాను. బలరాంని తీసేశారు. సొరుగులో అతని కాగితాలు, బోర్డు మీది ఆ ముక్క చించి పారేశాను. దాని మీద పేరూ ఊరూ లేవు గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

అతను కొండ దిగి ఆఫీసుకొచ్చాడు. నన్నే వెతుక్కుంటూ వచ్చాడు, నేను మంచివాణ్ణనుకుని.

"నాను పంపీసినాను బాబూ. మీకు అందనేదేటి?"

"అందలేదు."

"అయితే కండక్టరు ఎక్కడో పారీసుంటాడు. నానే బస్సెక్కొచ్చి ఇవ్వాల్సింది. తప్పు నాదే. ఊళ్ళోవోళ్ళు నాను రాయనేదంటన్నారు. మా మేనత్త కూడా పోయింది బాబూ. నానెందుకు రాయను?"

ఎడిటర్ గారితో మాట్లాడతానని చెప్పి పంపేశాను. మాట్లాడలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయమా, బోర్డు దగ్గర మళ్ళీ నన్ను చూసి నవ్వుతారన్న భయమా? ఇప్పటికీ తేల్చుకోలేను. తర్వాత ఆ డెస్కుకి నేనే పెద్దనయ్యాను. నా ఇంగ్లీషుకు మంచి పేరొచ్చింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేస్తాను.

అతన్ని వెతకలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం ఉండాలి. మీతో చెప్పాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అయినా ఆనాడు చెప్పాల్సిన జవాబు ఇదీ.

అందింది, బలరాం. చదివాను. నువ్వు రాసిన ప్రతి మాటా నాకు అర్థమైంది.