బియ్యం అంటిన బాడిశె

మా ఎదురింటాయన ఈమధ్య గేటు మీద కెమెరా పెట్టించాడు. పెట్టించుకోవడంలో తప్పు లేదు, కానీ అది మాట్లాడుతుంది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం నేను మా గేటు తీయగానే "మీరు నిఘాలో ఉన్నారు" అని ఒక ఆడగొంతు నిద్రమత్తు ఏమాత్రం లేకుండా ప్రకటిస్తుంది. పాలు పట్టుకొని తిరిగి వస్తుంటే ఇంకోసారి. జనగామలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. నా మీద ఇంతవరకు వచ్చిన పెద్ద అభియోగం పాఠం మధ్యలో జోకులు వేస్తానన్నది. ఆ జోకులకు ఎవరూ నవ్వినట్టు సాక్ష్యం లేదు కాబట్టి అది కూడా నిలవలేదు. ఎదురింట్లో కాపాడుకోవాల్సినవి నాకు తెలిసి ఒక పాత స్కూటరు, రెండు కరివేపాకు కుండీలు. అదే మాట మెల్లగా అంటే ఆయన "ఈ రోజులల్ల ఎవ్వలను నమ్ముతం సార్" అన్నాడు, నా చేతిలోని పాల ప్యాకెట్ వైపు చూస్తూ.

ఆ కెమెరా చూసే చూపు నాకు కొత్తదేమీ కాదు. అంతకుముందే పెద్దవంగర దగ్గరి ఒక ఊళ్లో, మా మేనత్త వాకిట్లో నిలబడి ఆ చూపు కింద చాలాసేపు గడిపాను. తేడా ఏమిటంటే, అక్కడివాళ్లు చాయ పోసి మరీ అనుమానించారు.

రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టడం ఆనవాయితీ. నా తోటివాళ్లలో కొందరికి యోగా పట్టింది, కొందరికి రాజకీయ విశ్లేషణ. నాకు పాత చేతి పనిముట్లు పట్టాయి. ఉలులు, సుత్తెలు, చిత్రిక పట్టే రందాలు, బెజ్జాలు వేసే బర్మాలు. గోడకు మేకు కొడితే అది ఇంతవరకు తిన్నగా దిగలేదు. మా ఆవిడ దృష్టిలో ఈ సరదాలోని అసలు విశేషం అదే. ఊరి చివర పాత ఇనుప సామాన్ల దుకాణంలో గుట్టల మధ్య కూర్చొని వెతుకుతుండేవాణ్ని. దుకాణపాయన మొదట్లో గౌరవంగా స్టూలు వేసేవాడు. కొన్నాళ్లకు స్టూలు పోయి, ఆయనే వచ్చి పక్కన నిలబడటం మొదలైంది. ఇంకొన్నాళ్లకు, నేను ఏది చేతిలోకి తీసుకుంటే అది అమ్మకుండా లోపల పెట్టేయడం. "సార్ పట్టిండంటె దాంట్ల ఏదో ఉన్నది" అని ఆయన సిద్ధాంతం. అట్లా ఒక తుప్పు పట్టిన సైకిల్ పెడల్ కూడా ఆయన లోపలి గదిలో భద్రంగా ఉంది. కూర్చోవడానికి అడ్డం వస్తోందని దాన్ని నేను పక్కకు జరిపాను, అంతే.

ఆయన్ని అనడానికి లేదు, ఈ విద్యకు పునాదే అనుమానం. పాతది అని ఎవరేమి చూపించినా ముందు కొత్తదనే అనుకోవాలి. నిన్న చేసిన ఇనుమును ఉప్పునీళ్లలో నానేసి, పెంటకుప్పలో పూడ్చి, ముసలిదాన్ని చేసి అమ్మేవాళ్లున్నారు. ఆ తుప్పు వేలికి పసుపులా అంటుతుంది. అసలైన పాత తుప్పు నల్లబెల్లం రంగులో నున్నగా ఉండి, వేలికి ఏమీ ఇవ్వదు. ఒకప్పుడు ఉక్కు పిరం, ఇనుము చవక. అందుకని కమ్మరి మెత్తటి ఇనుముతో పలక కొట్టి, అంచుకు మాత్రం ఉక్కు పెట్టి కొలిమిలో అతికేవాడు. పలకను ఎండకు వంచితే ఆ అతుకు వెంట్రుక మందాన కనబడుతుంది. పిడి అయితే చెయ్యి పట్టిన చోట అరగాలి, పట్టని చోట అరగకూడదు. అంతటా సమానంగా అరిగిందంటే దాన్ని అరగదీసింది మనిషి చెయ్యి కాదు, సాండ్‌పేపర్. ఇదంతా చూసి పాతదని తేల్చడం ఒక ఎత్తు, విలువ కట్టడం ఇంకో ఎత్తు. విలువకూ ధరకూ తేడా ఏమిటని ఉద్యోగమంతా పిల్లల్ని అడిగాను. ఆ ప్రశ్నకు నేను కూడా జవాబు చెప్పాల్సి వస్తుందని సిలబస్‌లో ఎక్కడా లేదు.

మా మేనత్త అంటే మా నాయిన చిన్న చెల్లె. ఆమె, ఆమె యారాలు ఒకే ఇంటిని నడుమ గోడతో రెండు చేసుకొని ఉండేవాళ్లు. యారాలు అంటే మా మామ తమ్ముడి భార్య, నాకు చిన్నత్త. ఇద్దరి భర్తలూ పోయారు. అన్నదమ్ములు ఏరుపడ్డప్పుడు కట్టిన ఆ గోడకు ఒక దర్వాజ ఉంది గానీ, దర్వాజకు గడియ లేదు. పెట్టించాలని ఎవరికీ తోచలేదు. పొద్దున్నే చిన్నత్త గిన్నెలో బర్రె పాలు పట్టుకొని ఇటు వచ్చేది. మా అత్త చాపత్త, చక్కెర తీసేది. ఇద్దరూ వసారాలో కూర్చొని చాయ తాగుతూ, ఊళ్లో మిగిలినవాళ్లందరి మీదా వరసగా విచారణ జరిపేవాళ్లు. ఎవరినీ నిర్దోషిగా వదిలినట్టు నాకు గుర్తు లేదు. ఊరందరికీ నేను సారును. వాళ్లిద్దరికి మాత్రం అల్లుణ్ని. రిటైరైన మనిషిని పట్టుకొని "అల్లుడా, బక్కగైనవ్" అని బెంగపడటానికి ఈ భూమ్మీద ఆ ఇద్దరే మిగిలారు.

ఆ వసారాలో దూలానికి కొట్టిన మేకుకు ఒక బాడిశె వేలాడుతూ ఉండేది. గొడ్డలికి పలక నిలువుగా ఉంటే, బాడిశెకు పారలాగా అడ్డంగా ఉంటుంది. కట్టెను నరకడానికి కాదు, చెక్కడానికి. ఆ ఇంటి దర్వాజలు చేసిన వడ్లాయన మరిచిపోయాడో, ఇచ్చి పోయాడో ఎవరికీ తెలియదు. వాడ మొత్తానికి అదొక్కటే. గొర్రుకు మేకు కావాలన్నా, పారకు పిడి వదులైనా, పెండ్లి పందిరికి గుంజలు మొన చెయ్యాలన్నా వచ్చి తీసుకుపోయేవాళ్లు. "తీస్కపోతున్న పెద్దవ్వా" అని వాకిట్లోంచి కేకేస్తే అది మర్యాద. వెయ్యకపోయినా తప్పేమీ లేదు. సాయంత్రానికి మేకు మీదికి అదే వచ్చేది.

చిన్నప్పటి నుంచీ దాని కిందనే పడుకున్నాను గానీ, దించి చూసింది మాత్రం ఈ పిచ్చి పట్టాకే. ఒక మధ్యాహ్నం చింతకాయ తొక్కుతో కడుపునిండా తిని, కింద వాలబోతూ పైకి చూశాను. పిడి ఒక్కచోటే, నడుము సన్నబడినట్టు అరిగి ఉంది. లేచి దించాను. తుప్పు బెల్లం రంగు. అంచుకు ఉక్కు అతుకు. పలక వెనక ఏదో గుర్తు ఉన్నట్టుంది. ఇక్కడే నేను జేబులోంచి భూతద్దం తీశాను. ఊళ్లలో జేబులోంచి తీయకూడని వస్తువుల్లో దాన్ని మొదటగా చేర్చాలి. చూస్తే ఒక నెలవంక, దాని కింద మూడు చుక్కలు, చేసిన కమ్మరి పెట్టుకున్న ముద్ర. సంతోషం పట్టలేక "అత్తా, ఇది మామూలు బాడిశె కాదు" అన్నాను. అప్పుడు వాకిట్లో పేడ ఎత్తడానికి వచ్చిన మనిషి ఉన్నదన్న సంగతి గమనించలేదు. తరువాత పలకకు శ్రద్ధగా నువ్వుల నూనె పట్టించి, అరుగు మీద పెట్టి, పడుకున్నాను.

లేచేసరికి వాకిట్లో జనం ఉన్నారు. ఎవరూ ఏ పనీ మీద రాలేదు, అందరూ ఊరికే వచ్చారు. చిన్నత్త చాటలో బియ్యం ఏరుకుంటూ బాడిశె పక్కనే కూర్చుంది.

"గంత పెద్ద అద్దం పెట్టి సూసినవంట, ఏందల్లుడా?"

"ఏం లేదు చిన్నత్తా, పాతదా కాదా అని."

"పాతదేనా?"

"పాతదే. మంచిది."

"మంచిదంటె?"

ఉద్యోగమంతా తప్పించుకున్న ప్రశ్న అది. నేను ఆలోచిస్తుండగా చిన్నత్త కొడుకు వచ్చాడు. పెద్దవంగరలో ఎరువుల దుకాణం నడుపుతాడు, నాకు బామ్మర్ది వరస. "బావా, నిజం చెప్పు. గిది బియ్యం గుంజే ఇనుము గాదు గద?" అన్నాడు గొంతు తగ్గించి, అందరికీ వినపడేటట్టు. బియ్యపు గింజలను అయస్కాంతంలాగా లాక్కునే పాత లోహాలుంటాయని, వాటికి కోట్లు ఇస్తారని చెప్పి మోసం చేసేవాళ్ల సంగతి పేపర్లలో వస్తూనే ఉంటుంది. చదివినవాళ్లందరూ మోసం జరిగిన సంగతి మరిచిపోయి, లోహం సంగతి మాత్రం గుర్తుపెట్టుకుంటారు. నేను గట్టిగా నవ్వాను. "నవ్వి దాటేస్తున్నడు" అని వెనక నుంచి ఎవరో నిదానంగా అన్నారు.

"గుంజుతదో లేదో సూస్తె పాయె" అని చిన్నత్త చాటలోంచి చిటికెడు బియ్యం తీసి పలక మీద చల్లింది. ఆమె కూడా నవ్వుతూనే చల్లింది. కొన్ని గింజలు జారి కిందపడ్డాయి. కొన్ని పడలేదు. ఆమె పిడి పట్టుకొని పలకను పక్కకు వంచింది. అప్పటికీ పడలేదు. చిన్నత్త మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, చూసేసరికి లేదు.

"నూనె చిన్నత్తా! నేనే పూసిన!"

"ఎందుకు పూసినవ్?"

"తుప్పు పట్టకుండ."

"ఇన్నేండ్ల సంది ఎవ్వలు పూయకపాయె. ఇయ్యాల్నే ఎందుకు పూసినవ్?"

మా అత్త వచ్చి, బాడిశెను కొంగుతో తుడిచి, లోపలికి తీసుకుపోయి, ఇనుప సందుగలో పెట్టి తాళం వేసింది. సందుగ మూత పడిన చప్పుడు వాకిట్లో అందరూ విన్నారు. తాళం వేసిందంటే అందులో ఏదో ఉన్నట్టే గదా.

వారం తిరగకముందే బామ్మర్ది వచ్చి వాటా మాట ఎత్తాడు. "మా నాయినోల్లు ఏరుపడ్డనాడు గిది పంచుకోలే. అంటె దీంట్ల సగం మాదే గదా పెద్దమ్మా?" మా అత్త "పంచుకుందాం రా. పిడి నీకు, పలక నాకు" అంది. అది జోకు. మా వంశంలో జోకులకు ఉన్న గతే దానికీ పట్టింది. అతను కాసేపు ఆలోచించి "పలకనే మాకు గావాలె" అన్నాడు. ఆ మాటకు మా అత్త యారాలి వైపు చూసింది. చిన్నత్త కొడుకును కసురుతుందనుకుంది. చిన్నత్త చాటలోని బియ్యం వైపు చూస్తూ కూర్చుంది.

మరునాడు పాలు రాలేదు. మా అత్త ఆ పూట చాయ తాగలేదు. తరువాత కొన్నాళ్లకు నడిమి దర్వాజకు అటువైపు నుంచి గడియ వచ్చింది. పాత దర్వాజ కాబట్టి గడియ కూర్చోవడానికి చౌకట్టు కొంచెం చెక్కాలి. చెక్కడానికి బాడిశె కావాలి. వాడలో ఉన్న ఒక్క బాడిశె గడియకు ఇవతల సందుగలో ఉంది. అందుకని ఆ గడియను వంకరగానే బిగించారు.

నాకు తోచిన ఉపాయం నేను చేశాను. మా కాలేజీ బెంచీలు బాగుచేయడానికి వచ్చే వడ్లాయన ఒకాయన ఇప్పుడు చిట్యాలలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన్ని బతిమాలి, బస్సులు మార్చుకుంటూ ఆ ఊరికి తీసుకుపోయాను. నా మాట నమ్మకపోయినా, పనివాడి మాట నమ్ముతారు గదా అని. అత్త సందుగ తీసింది. అందరి ముందూ ఆయన బాడిశెతో ఒక తుమ్మకట్టె చెక్కి చూశాడు. "మంచిగ తెగుతది. మామూలుదే. గిసొంటియి మా ఇంట్ల రెండుండె" అన్నాడు. అంతకంటే మంచి తీర్పు కోర్టులో కూడా రాదు.

బామ్మర్ది ఆయన్ని కింద నుంచి మీది దాకా చూశాడు. "మామూలుది అని చెప్పనీకె చిట్యాల కాంచి గింత దూరం వచ్చినవా అన్నా?"

"సారు రమ్మన్నడు."

"సారు రమ్మన్నడట" అని బామ్మర్ది జనానికి అందజేశాడు. జనం తలలూపారు. తిరుగు బస్సులో వడ్లాయన నా చెవి దగ్గరికి వంగాడు. "సార్, జర నాకన్న నిజం చెప్పుండ్రి. దాంట్ల ఏమన్న ఉన్నదా?"

నిజమే చెప్పాను. నా అంచనాలో, నాలాంటి పిచ్చివాడు ఇంకొకడు దొరికితే, దాని మీద ఇద్దరు మనుషులకు ఒక పండుగ పూట మాంసం కూర వస్తుంది. ఆ మాట ఆయన నమ్మలేదు. ఊళ్లోనూ అంతే, నేను ఎంత తగ్గించి చెపితే దాని విలువ అంత పెరిగింది. నా పాఠాల్లో గిరాకీ గురించి, సరఫరా గురించి చెప్పాను గానీ, సారు మొహం చూసి పెరిగే ధర గురించి ఎక్కడా చెప్పలేదు.

చివరికి మా అత్తే ఫోన్ చేసింది. "వచ్చి తీస్కపో అల్లుడా. అది ఇంట్లుంటె నాకు నిద్ర వడ్తలేదు." వద్దంటే ఆ గడియ అట్లాగే ఉంటుంది. తెచ్చుకుంటే, మొదటి నుంచీ నేను వేసిన ఎత్తు అదేనని ఊరంతా తేల్చేస్తుంది. తొర్రూరు దాకా బస్సులో ఆలోచించాను, అక్కడి నుంచి ఆటోలో కూడా ఆలోచించాను. అత్త పాత చీర ముక్కలో చుట్టిన బాడిశెను నా చేతికి ఇచ్చింది. నా వేళ్లు, నన్ను అడగకుండానే, మూట విప్పి పలక వెనక్కి తిప్పాయి. నెలవంక, మూడు చుక్కలు. అదే. తలెత్తేసరికి అత్త నన్నే చూస్తోంది. ఖాళీ సందుగకు తాళం వేసి, తాళంచెవిని కొంగుకు ముడివేసుకుంది.

ఇప్పుడది మా ఇంట్లో అల్మారాలో ఉంది. అడగడానికి ఎవరూ రారు, చెక్కడానికి ఏమీ లేదు. తుప్పు రంగు చూసి దాని వయసు చెప్పగలనని నాకు కొంచెం గర్వం. ఆ రోజు బయటికి వస్తూ నడిమి దర్వాజ సందులోంచి గడియను కూడా చూశాను. దాని మీది తుప్పు ఇంకా పసుపు రంగులోనే ఉంది. బెల్లం రంగుకు రావడానికి చాలా కాలం పడుతుంది. ఆ ఇద్దరు ముసలివాళ్ల దగ్గర అంత కాలం ఉందో లేదో చెప్పడం నా విద్యలో లేదు.

ఆ రోజే, వాకిలి దాటుతుంటే చిన్నత్త తన గడప మీద పాలగిన్నె పట్టుకొని నిలబడి ఉంది. అన్ని నెలల తరువాత నాతో మాట్లాడింది అప్పుడే. నా మొహం వైపు చూడలేదు, సంకలోని మూట వైపు చూసింది.

"దొరికిందా, సారూ?"