జిఫీలో వస్తానన్న పెదనాన్న

నా చిన్నప్పుడు మా పెదనాన్న నోట్లో 'జిఫీ' అనే ఇంగ్లీషు మాట వక్కపలుకులా ఎప్పుడూ నానుతుండేది. సికింద్రాబాదు కంటోన్మెంటులో దొరల దగ్గర గుమాస్తాగా చేసి నేర్చుకున్న మాట అది. పిల్లలందరినీ కూర్చోబెట్టి, జిఫీ అంటే రెప్పపాటని, 'ఇన్ ఎ జిఫీ' అంటే ఇదిగో ఇప్పుడే అని, పెద్దమనుషులు అలాగే మాట్లాడతారని చెప్పేవాడు. మేము నీళ్లకు వెళ్లినా జిఫీలో వెళ్లి జిఫీలో వచ్చేవాళ్లం. అప్పట్లో నాకు ఆ మాటంటే తెగ ముద్దు. ఇప్పుడు ఆ మాట నా నోటితో అనను.

భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని దేశంలో కలిపిన పోలీసు చర్య జరిగి కొన్ని రోజులే అయింది. ఒక ఉదయం పక్కింటి ముస్లిం ఆమె, మేము పిన్ని వరసగా ఖాలా అని పిలిచే మనిషి, పరుగున వచ్చి మా గడపలో నిలబడింది. ఆమె భర్త దర్జీ. దొరలకూ, మా పెదనాన్నకూ కోట్లు కుట్టిన మనిషి. నిజాం తరఫున ఊళ్ల మీద పడిన రజాకార్లతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఆయనా రజాకారేనని ఎవరో గిట్టనివాళ్లు చెప్పిన మాట పట్టుకుని జవాన్లు దుకాణం నుంచి ఠాణాకు తీసుకుపోయారు. లారీ రాగానే అక్కడున్న అందరినీ దూరపు జైలుకు పంపుతారట. ఠాణాలో కూర్చున్న అధికారి పెదనాన్నకు తెలిసినవాడే.

"భయ్యా, మీరొచ్చి ఒక్క మాట చెప్తే ఇడుస్తరు. లారీ రాకముందే రావాలె" అంది ఖాలా.

జిఫీలో వస్తున్నానన్నాడు పెదనాన్న. అని, గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాడు. మాసిన గడ్డంతో అధికారి ముందుకు వెళ్లడం మర్యాద కాదట. అది అయ్యాక చొక్కాకు ఇస్త్రీ లేదన్నాడు. పెద్దమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసింది. టై ముడి కుదరక విప్పి మళ్లీ కట్టాడు. జెర జల్ది భయ్యా అని ఖాలా బతిమాలినప్పుడల్లా అద్దంలోంచే జిఫీ అనేవాడు. చివరికి కోటు తొడుక్కున్నాడు. అది ఖాలా భర్త కుట్టిన కోటే. భుజాలు సర్దుకుని, పక్కకు తిరిగి చూసుకుని ముచ్చటపడ్డాడు కూడా. అది భయమో బడాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైతేనేం, తలచుకుంటే ఛీ అనిపిస్తుంది.

మా నానమ్మ రొట్టెల పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. కొడుకు వంక చూడకుండా ఖాలా చెయ్యి పట్టుకుని, నేనొస్తా నడువు బిడ్డా అని బయలుదేరింది. నేనూ వెంట ఉరికాను. మేము చేరేసరికి లారీ కదులుతోంది. దర్జీ లారీ వెనక భాగంలోంచి మమ్మల్ని చూశాడు. నానమ్మ లారీకి అడ్డం పోబోతే ఒక జవాను పక్కకు లాగాడు. ఖాలా రోడ్డు మీద కూలబడిపోయింది.

అప్పుడు వచ్చాడు పెదనాన్న, బూట్లు టకటకలాడించుకుంటూ. నానమ్మ ఆయనను కింది నుంచి పై దాకా చూసింది.

"గా మనిషి కుట్టిన కోటు తొడుక్కునేటందుకే గా మనిషిని పోగొడితివి గద కొడుకా" అంది.

దర్జీ తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. వచ్చాక చేతులు వణికేవి, సూదిలో దారం ఖాలాయే ఎక్కించి ఇచ్చేది. పెదనాన్న మాత్రం పెళ్లిళ్లకు ఆ కోటే వేసుకుని తిరిగాడు. ఆయన చనిపోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. మనవలు ఫోనులోంచి తలెత్తకుండా ఒక్క నిమిషం అంటే ఊరుకుంటాను, వాళ్ల నిమిషం మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు. కానీ ఎవరైనా ఆదుర్దాగా వచ్చి గడపలో నిలబడితే మాత్రం నేను వస్తున్నానని చెప్పను. చేతిలో ఉన్నది అక్కడే పడేసి, జుట్టు విరబోసుకుని ఉన్నా సరే, వాళ్లకంటే ముందే వీధిలోకి దిగుతాను.