తుపాకీ లేని ఆరు నెలలు

1979 మార్చిలో నన్ను నంద్యాల రెవెన్యూ ఆఫీసులో ఆయుధాల లైసెన్సుల సీటుకు మార్చారు. హోదా సీనియర్ గుమాస్తా. అప్పటికి ఆరు నెలలుగా ఆళ్లగడ్డ వైపు గ్రామాల లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో డిపాజిట్‌లో ఉన్నాయి. ముఠా తగాదాలు ముదిరినప్పుడు ఉత్తర్వు ఇచ్చి తుపాకులు తెప్పించి, రసీదు ఇచ్చేవారు. ఆ ఉత్తర్వు వల్ల మేలు జరిగిందో లేదో తేల్చి నోట్ పెట్టమని మా అధికారి నాకు అప్పగించారు. జరిగితే పొడిగింపు, లేకపోతే వాపసు. ఎలా తేల్చాలో మాత్రం చెప్పలేదు. తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి అన్నట్టు క్యాంపుకు వెళ్లిపోయారు.

స్టేషన్‌కు వెళ్లి నేరాల రిజిస్టరు తిరగేశాను. ఆ ఆరు నెలల్లో లైసెన్సు తుపాకీతో జరిగిన నేరం ఒక్కటీ లేదు. సంబరపడి అంతకుముందు ఆరు నెలలూ చూశాను. అప్పుడూ ఒక్కటీ లేదు. కొట్లాటలు మాత్రం రెండు కాలాల్లోనూ ఉన్నాయి, వేటకొడవళ్లతో, నాటుబాంబులతో. సున్నాలోంచి సున్నా తీసేస్తే ఉత్తర్వు పనిచేసినట్టా, చేయనట్టా? ఎస్సైగారు పనిచేసిందన్నారు. హెడ్ కానిస్టేబుల్ నవ్వి, పేరూ నంబరూ ఉన్న తుపాకీతో ఎవడు నేరం చేస్తాడన్నాడు. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. నాకు తల తిరిగింది.

వాపసు కోరిన అర్జీల్లో నల్లమల అంచు గ్రామంలోని ఒక వేరుశనగ రైతుది గట్టిది. అడవిపందులు చేను తవ్వేశాయని, ఎంత పోయిందో కరణం చేత రాయించి జతచేశాడు. విచారణకు వాళ్లింటికి వెళ్లాను. ఆయన తలారిని పిలవడానికి వెళ్లినప్పుడు ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చి, అక్కడే నిలబడింది.

"ఆ తుపాకీ ఇయ్యొద్దప్పా. అది గోడకుంటే నాకు నోరు పెగల్దు. ఈ ఆర్నెల్లుగా నేనూ నాలుగు మాటలు మాట్లాడతాండా."

ఎప్పుడైనా ఆమెకు గురిపెట్టాడా అని అడిగాను. లేదంది.

"దాని దిక్కు చూచ్చాడు. అంతే."

ఫిర్యాదు రాసిస్తావా అంటే తల అడ్డంగా ఊపింది. ఆ ఇంట్లోనే బతకాలి కదా.

పందుల నష్టానికి కరణం సంతకం ఉంది. ఆమె మాట రాసుకోవడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు. నోట్‌లో పెడితే మొగుడికి తెలిసిపోతుంది, పెట్టకపోతే పొడిగింపుకు ఆధారం లేదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మూడు చిత్తుప్రతులు చింపి, చివరికి "చెప్పుకోదగ్గ తేడా లేదు" అని రాశాను. అధికారి సంతకం చేశారు.

వాపసు రోజున రసీదులు సరిచూడడానికి నేను స్టేషన్‌లో ఉన్నాను. సంతకు వచ్చారేమో, ఆ రైతు వెంట భార్య కూడా ఉంది. ఆయన తుపాకీ అందుకుని భుజాన వేసుకున్నాడు. బాగున్నావామ్మా అని ఆమెను పలకరించాను. ఆమె పలకలేదు.

"బాగుండాది సార్," అని ఆయనే జవాబిచ్చాడు.

నాకు సిగ్గేసింది. రిజిస్టరులో సున్నా ఉంటే ఫిర్యాదు రాలేదని మాత్రమే అర్థం. నేను దాన్ని ఏమీ జరగలేదని చదివాను. తర్వాతి సర్వీసులో ఇలాంటి నోట్ రాయాల్సి వచ్చినప్పుడల్లా "తేడా లేదు" అనకుండా "తేడా తెలుసుకునే వీలు లేదు" అని రాశాను. ఆనాడే అలా రాసి ఉంటే ఆ తుపాకీ మరికొన్నాళ్లు స్టేషన్‌లోనే ఉండేదా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు.