పదకొండో పేరు

కొత్త జిల్లాలు ఏర్పడ్డ రెండో ఏడు, ఎండాకాలంలో నన్ను సూర్యాపేటకు సహాయ కార్మిక కమిషనర్‌గా వేశారు. అంతకుముందు మిర్యాలగూడలో నాలుగేళ్లు సహాయ కార్మిక అధికారిగా చేశాను. మా శాఖలో ఆ కింది మెట్టును ఏఎల్ఓ అంటారు. రైసు మిల్లుల సంగతి నాకు ఎవడూ నేర్పక్కర్లేదని ఒక పొగరు ఉండేది. అది దిగిన వైనమే ఇప్పుడు రాస్తున్నాను.

సహాయ కమిషనర్‌కు రెండు పనులుంటాయి. ఏఎల్ఓలు మిల్లులకూ దుకాణాలకూ పోయి విచారించి రాసిన రిపోర్టులు చూసి సరిదిద్దడం ఒకటి. పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలు పెట్టుకునే పరిహారం దరఖాస్తుల మీద కోర్టు మాదిరిగా కూర్చుని, ఇరుపక్షాలనూ విని, తీర్పు రాయడం రెండోది. ఆ కుర్చీలో మొదట తేల్చాల్సింది ఒకటే. మనిషి పనిలో ఉండగా పోయాడా, లేదా?

సైదమ్మ దరఖాస్తు వానలు పడ్డాక వచ్చింది. ఆమెది మోతె దగ్గర పల్లె. భర్త లింగయ్య కోదాడ పక్కన ఒక మిల్లులో హమాలీ. ఎండాకాలంలో యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో, ఒక పొద్దున మునగాల దాటాక హైవే పక్కన శవమై కనిపించాడు. గుర్తు తెలియని వాహనం గుద్దిందని పోలీసులు రాసుకున్నారు. ఛాతీ నలిగిందని డాక్టరు రాశాడు. ఛాతీ లారీ కింద పడ్డా నలుగుతుంది, బస్తాల కింద పడ్డా నలుగుతుంది. మిల్లు మాత్రం గట్టిగా జవాబిచ్చింది. లింగయ్య ఉగాదికే పని మానేశాడు, తాగి రోడ్డున పడ్డాడు, మాకేం సంబంధం?

సైదమ్మ నా టేబుల్ ముందు కూర్చోమన్నా కూర్చోలేదు. "తాగి పడ్డడని కాగితంల రాసిన్రు సార్. ఆయన కల్లు సుత ముట్టడు. నా బిడ్డ బడికాడ ఆ మాట ఇనుకుంట పెరుగుతది. మిల్లులనే పనిజేస్కుంట పోయిండని మీరు రాయుండ్రి, నాకు గది గావాలె" అంది. రుజువేమన్నా ఉందా అమ్మా అని అడిగాను. లేదంది.

రుజువు దొరకడం కష్టమని నాకు తెలుసు. హమాలీలు ముఠాలుగా పనిచేస్తారు. ఆ మిల్లులో ముఠావాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు, మేస్త్రి నోట్లోనే ఉన్నాయి. పొద్దున పనికి ముందు ఒకసారి, మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఒకసారి మేస్త్రి వరసగా పేర్లు పిలుస్తాడు. పిలిచినవాడు బస్తా లాగే కొక్కెం పైకెత్తి "ఉన్న" అంటాడు. హాజరు అంతే.

కోదాడ ఏఎల్ఓ నర్సింహను విచారణకు పంపాను. చిన్నవాడు, నెమ్మదస్తుడు. వారం తిరిగేసరికి రిపోర్టు తెచ్చాడు. లింగయ్య ఉగాదికే మానేశాడని మేస్త్రి మల్లయ్య చెప్పినట్టు రాశాడు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'మధ్యాహ్నం మేస్త్రి పద్దెనిమిది పేర్లు పిలిచాడు, పద్దెనిమిదీ పలికాయి, పదకొండో పేరు లింగయ్య.'

నాకు ఒళ్లు మండింది. చచ్చి మూడు నెలలైన మనిషి హాజరు పలికాడా? బుర్ర ఇంటి దగ్గర పెట్టి పోయావా అని కేకలేశాను. అదే పేరున్న ఇంకొకడేమో అంటే, అడిగాను సార్, లేడన్నారు అన్నాడు. ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, మళ్లీ రాసుకు రమ్మన్నాను. రెండు రోజులకు తిరిగొచ్చాడు. కొత్త కాగితంలోనూ అదే వాక్యం అక్షరం మారకుండా ఉంది. మెమో ఇస్తానన్నాను. "ఇయ్యండి సార్. నా చెవులతో ఇన్న" అన్నాడు.

పరిహారం కేసుల్లో కమిషనర్ హోదా నాదే కాబట్టి నేనే స్థలం చూడవచ్చు, కాకపోతే ఇరుపక్షాలకూ ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చి, మిట్టమధ్యాహ్నం పోయాను. మిల్లు యజమాని కోదాడ వర్తకుల కుటుంబం మనిషి, మర్యాదస్తుడు. అందరూ సేటు అంటారు. ఆఫీసు గది గడప మీద నిలబడి దండం పెట్టాడు. గోదాములో చూరు దాకా పేర్చిన వడ్ల బస్తాల నిట్టు. ఊక దుమ్ము నోట్లోకి పోకుండా హమాలీలంతా కళ్ల కింది దాకా తువ్వాళ్లు చుట్టుకున్నారు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మేస్త్రి కాక పదిహేడు మంది.

మల్లయ్య పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క కొక్కెం లేస్తోంది, ఒక్కొక్క "ఉన్న" వినిపిస్తోంది. పది పేర్లయ్యాయి.

"లింగయ్యా!"

"ఉన్న."

కొక్కెం లేవలేదు. ఆ గొంతు మనుషుల వైపు నుంచి రాలేదు, నిట్టు వైపు నుంచి వచ్చినట్టుంది. అయ్య బాబోయ్, పట్టపగలు నేను రెండడుగులు వెనక్కి వేశాను. తిరిగి చూస్తే గడప మీద సేటు లేడు, ఆఫీసు తలుపు మూసి ఉంది. మల్లయ్య ఏమీ ఎరగనట్టు పన్నెండో పేరు పిలిచాడు.

తర్వాత లారీకి లోడు ఎత్తారు. వీపున బస్తాలతో, లారీకి ఆనించిన బల్ల మీదుగా ఒకరి వెనక ఒకరు ఎక్కుతున్నారు. పదో మనిషికీ, వాడి వెనక వచ్చేవాడికీ మధ్య సరిగ్గా ఒక మనిషి పట్టేంత జాగా. ప్రతి తిరుగుడులోనూ అంతే. బల్ల దిగేటప్పుడు కూడా వెనకవాడు ఒక్క క్షణం ఆగి, ఎవరికో దారి ఇచ్చి దిగుతున్నాడు. పలికిందెవరని గద్దించి అడిగాను. అందరూ తర్వాతి బస్తాకు వంగారు.

సూర్యాపేట వచ్చాక సైదమ్మను పిలిపించాను. మొగుడు పోయిన మనిషికి ఈ మాట ఎలా చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను. చెప్పాక ఆమె భయపడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, "అయితే ఆయన గాడనే ఉన్నడు సార్. సేటు ఇంకా సెలవియ్యలే" అంది.

ఆమె తండ్రి కూడా మిర్యాలగూడలో ముఠా హమాలీయేనట. అక్కడా ఇక్కడా ముఠాలన్నిటికీ ఒకే కట్టుబాటు ఉందని అప్పుడు చెప్పింది. పనిచేసే జాగాలో మనిషి పడిపోతే అతని పేరు పిలవడం ఆపరు, వరసలో అతని జాగా మూయరు. యజమాని వచ్చి ఆ మనిషి పడ్డచోట దోసెడు వడ్లు పోసి, పేరు పెట్టి పిలిచి, "నీ పని అయిపోయింది, ఇగ పో" అనాలి. అప్పటిదాకా అతను పనిలో ఉన్నట్టే. "మరి ఇంటికాడ పోయినోళ్లకు? రోడ్డు మీద పోయినోళ్లకు?" అని అడిగాను. "వాళ్ల పేర్లెందుకు పిలుస్తరు సార్? వాళ్లు పనిల లేరు గద" అంది.

నాలుగేళ్లు మిర్యాలగూడ మిల్లులన్నీ తిరిగిన నాకు ఈ ముక్క తెలియదు. నేనెప్పుడూ రిజిస్టర్లే అడిగాను గాని హాజరు పిలిచేటప్పుడు నిలబడి విన్నది లేదు.

విచారణ రోజున మిల్లు తరఫు సాక్షిగా మల్లయ్య వచ్చాడు. ముఠా అంతా వెనక బెంచీల మీద కూర్చుంది, ఆ చివర సేటు. మల్లయ్య ప్రమాణం చేసి, వకీలు నేర్పిన పాఠం తడబడకుండా అప్పజెప్పాడు. ఉగాదికే మానిండు, మల్ల కనబడలే. నిజం చెబితే పదిహేడు ఇళ్లలో పొయ్యి ఆరుతుందని అతని భయం. అది నాకు అర్థమైంది. సాక్షిని కమిషనర్ కూడా ప్రశ్నించవచ్చు. ఇయ్యాల పొద్దున పేర్లు పిలిచావా అని అడిగాను. పిలిచానన్నాడు. పదకొండో పేరు?

వకీలు అభ్యంతరం చెప్పాడు. రాసుకుంటాను, కూర్చోండి అన్నాను. మల్లయ్య తువ్వాలు నలుపుతూ ముఠా వైపు చూశాడు. లింగయ్య పేరు పిలవలేదని బొంకడం అతని వల్ల కాలేదు.

"పిలిచిన సార్."

"పలికాడా?"

"పలికిండు. మేం పొమ్మంటే పోడు సార్. సేటు సెలవియ్యాలె."

పదిహేడు తలలు సేటు వైపు తిరిగాయి. వకీలు చెయ్యి పట్టి లాగుతున్నా సేటు లేచి నిలబడ్డాడు. "నిట్టు కూలిందండి. కింద పడి అక్కడే పోయాడు. మా వ్యాన్‌లో పంపించి రోడ్డు పక్కన పెట్టించింది నేనే. ఆ గొంతు ఇంక వినలేనండి" అన్నాడు. ప్రతి మాటా రాయించి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాను. శవాన్ని మార్చిన నేరం పోలీసులకూ, ప్రమాదం దాచిన సంగతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకూ రాశాను. సైదమ్మ అడిగిన మాట తీర్పులో మొదటి వాక్యంగా పెట్టాను. లింగయ్య మిల్లులో పనిచేస్తూ చనిపోయాడు.

మర్నాడు సేటు నిట్టు పక్కన దోసెడు వడ్లు పోసి, అనాల్సిన మాట అన్నాడు. సైదమ్మ అక్కడే ఉంది. నేనూ నర్సింహా గుమ్మం దగ్గర నిలబడ్డాం. మల్లయ్య పదో పేరు పిలిచి, లింగయ్య పేరు వదిలి, ఆ తర్వాతి మనిషిని పిలిచాడు. బల్ల మీద వరసలో ఆ ఖాళీ లేదు. ఇన్నాళ్లూ పలికిందెవరో ఇప్పుడైనా చెప్పు అని మల్లయ్యను పక్కకు పిలిచి అడిగాను. "మా అందర్లనే ఎవరో ఒకరు పలుకుతున్నరనుకున్న సార్. రాత్రి అందర్ని కూసోబెట్టి అడిగిన. నేను కాదంటే నేను కాదన్నరు" అన్నాడు. ఆ సంగతి నా విచారణ పరిధిలోకి రాదు కాబట్టి రాసుకోలేదు.

నర్సింహకు మెమో ఇవ్వలేదు, క్షమించమని మాత్రం అడిగాను. విన్నది నమ్మశక్యంగా లేకపోయినా విన్నట్టే రాయడం విచారణకు పోయినవాడి పని. నమ్మడమా మానడమా అన్నది తర్వాతి సంగతి, అది పై అధికారి పని. పైవాడు కింది కాగితం మీద గీత కొట్టకూడదు. రిటైరయ్యేదాకా మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. ఆ కేసులో మొదటి సాక్ష్యం నర్సింహ రాసిన వాక్యమే. దాని మీద ఎర్ర సిరా గీత, పక్కన నా సంతకం ఇప్పటికీ ఫైల్లో ఉన్నాయి.